పాత లోగిలి కొనాలనుకుంటే: గోదావరి డెల్టాలో మండువా, మేడ, దివాణం

కోనసీమలోనో, నరసాపురం, మండపేటల వైపో ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న పాత ఇల్లు బేరానికి వచ్చిందంటే అది సాధారణంగా మూడు రకాల్లో ఒకటి. మధ్యలో పైకప్పులేని వాకిలి (మండువా) వదిలి, చుట్టూ పెంకు కప్పిన మండువా లోగిలి కావచ్చు. టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో కప్పు పోసిన రెండంతస్తుల మేడ కావచ్చు. లేదా కొబ్బరితోట మధ్యలో చెరువు, కచేరీ (ఎస్టేటు ఆఫీసు) గదులు, గుర్రపుసాలతో సహా నిలబడి ఉన్న జమీందారీ దివాణం కావచ్చు. వీటికి తోడు నాలుగో దారి ఒకటుంది: ఇంటిని కొనకుండా దాని కలప మాత్రం కొనుక్కుని మన స్థలంలో కట్టుకోవడం.

మధ్యవర్తులు వీటిని సెంటు రేటుతో పోలుస్తారు. ఆ లెక్క ఖాళీ స్థలానికి సరిపోతుంది గానీ బాగుచేసుకుని ఉండాలనుకునే ఇంటికి పనికిరాదు. ముందు వారసులు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత కప్పు, ఈ వరసలో చూడాలి. మొదటిది తేలకపోతే రెండోదాని దాకా వెళ్ళనే అక్కర్లేదు. చాలామంది తిరగేసి చేస్తారు: స్తంభాల నగిషీ చూసి అడ్వాన్సు ఇస్తారు, కాగితాలు ఆనక చూస్తారు.

వారసుల లెక్క

1920, 30ల్లో కట్టిన ఇంటికి ఇప్పుడు నాలుగో తరం నడుస్తూ ఉంటుంది. అమ్ముతామని వచ్చినవారు ఇద్దరన్నదమ్ములే అయినా సంతకం పెట్టాల్సినవారు పద్దెనిమిది మంది ఉండొచ్చు. కట్టినాయన దగ్గర్నుంచి వంశవృక్షం రాయించి, చనిపోయిన ప్రతి ఒక్కరికీ మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. "ఆడపిల్లలకు అప్పుడే కట్నాలిచ్చి పంపేశాం" అనే మాటకు చట్టంలో విలువ లేదు. తండ్రి వాటాలో కూతురికి 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం చేసిన చట్ట సవరణ కూతుళ్ళందరికీ వర్తింపజేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం దస్తావేజు ఉంటే దాన్ని ఈ సవరణ కదపదు. అలాంటి దస్తావేజు ఉన్న ఇల్లు కాస్త ఖరీదెక్కువైనా చివరికి చవకే. లేకపోతే ఆడపడుచులందరూ అమ్మకంలోనే సంతకం పెట్టాలి, లేదా ముందుగా హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించాలి.

ఒక్క వాటా మాత్రం చవగ్గా వస్తోందని కొనడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. కుటుంబం కలిసి ఉండే ఇంట్లో బయటివాడు వాటా కొన్నా వారితోపాటు ఉమ్మడిగా ఉండే హక్కు అతనికి రాదు (ఆస్తి బదలాయింపు చట్టం, సెక్షన్ 44). విభజన దావా వేస్తే ఆ వాటాను తామే కొంటామని కుటుంబసభ్యులు కోర్టును అడగొచ్చు (1893 విభజన చట్టం, సెక్షన్ 4). వారసత్వంగా వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన భాగం అమ్ముతుంటే తోటి వారసులకు ముందుగా కొనే హక్కు ఎలాగూ ఉంది (హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 22). అంటే డబ్బు పోసి కొన్నది ఇల్లు కాదు, దావా.

హైదరాబాదు, అమెరికాల్లో ఉన్న వారసుల పేరిట పవరాఫ్ అటార్నీలు వస్తాయి. విదేశంలో రాసినదైతే అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించి ఉండాలి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టి ఉండాలి. రిజిస్ట్రేషను రోజున ఆ రాసినవారు బతికే ఉన్నారని వీడియో కాల్‌లో చూసుకోండి. మనిషి పోతే మామూలు పవర్ కూడా పోతుంది.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. పాత ఇంటికి అది చాలదు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఇల్లు గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటే అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు ఉండవు. లింకు దస్తావేజులు (ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు), ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రికార్డే ఆధారం. కాబట్టి హద్దులు గొలుసు పట్టి కొలిపించి, ఇరుగుపొరుగు సంతకాలతో పంచనామా రాయించుకోవడం మంచిది. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితాలో) లేదని కూడా చూడాలి.

ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు గుళ్ళ చుట్టుపక్కల ఇళ్ళకు ఇంకో మెలిక ఉంది. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, మరమ్మతుకైనా అనుమతి కావాలి. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. యానాంలో ఇల్లయితే ఆంధ్ర లెక్కలు పక్కన పెట్టేయండి. అది పుదుచ్చేరి పరిధి, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. పాత దస్తావేజు ఫ్రెంచిలో ఉంటే చదివించే ఖర్చు కూడా మీదే.

నీళ్ళు

మే నెలలో చూసి ఇల్లు ఖాయం చేసుకోకండి. డెల్టా కాలువలు వేసవిలో కట్టేస్తారు, భూమిలో నీటిమట్టం దిగిపోతుంది, గోడలు పొడిగా కనిపిస్తాయి. అదే ఇంటిని సెప్టెంబరు, అక్టోబరుల్లో చూస్తే మోకాలి ఎత్తు దాకా నిమ్ము ఎక్కి ఉంటుంది. రెండుసార్లూ చూడండి. వీలుకాకపోతే వానాకాలంలోనే చూడండి.

ఏటిగట్టుకు ఏ వైపు ఉందో తర్వాతి ప్రశ్న. గట్టు లోపల, నదివైపు లంకల్లో ఉన్న ఇల్లు ఎంత అందమైనదైనా సెలవులకు వచ్చిపోయే చోటుగానే లెక్క వేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగరేస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు. ఆ రెండుసార్లూ ఈ గోడ మీద నీరు ఎంతవరకు వచ్చిందో ఊళ్ళో పెద్దవాళ్ళు చేత్తో చూపిస్తారు. ఆ గీతకు పైన దూలాల చివళ్ళు ఉన్నాయో లేదో చూసుకోండి.

గట్టుకు ఇవతలి ఊళ్ళలో ముప్పు నది నుంచి కాదు, రోడ్డు నుంచి వస్తుంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టం పెరిగి, ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్ళే అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది. మండువాలో పడిన వాన తూము గుండా వీధి కాలువలోకి పోవాలి కదా, ఆ కాలువే ఇప్పుడు మండువా కంటే ఎత్తులో ఉంది. నీటిగొట్టంతో మట్టం పట్టి చూడండి. ఇంటి నేల రోడ్డు కంటే కనీసం అడుగున్నర ఎత్తు లేకపోతే ఆ నీటిని పెరటివైపు మళ్ళించే దారి ఉండాలి. అదీ లేకపోతే ప్రతి తుఫానుకీ మోటారు పెట్టి తోడుకోవాల్సిందే. జాకీలతో ఇల్లెత్తేవాళ్ళు వస్తారు, నిజమే. కానీ ఈ సున్నపు గోడలకు అడుగున కాంక్రీటు బెల్టు ఉండదు. జాకీ పెట్టిన చోటే ఇటుక నలుగుతుంది. మండువా ఇంటికి ఆ పని మేము సిఫారసు చేయం.

భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు ఇంకో చిక్కు. ఇంటి వెనక ఒకప్పటి వరిపొలం ఇప్పుడు రొయ్యల చెరువై ఉంటుంది. ఏడాది పొడవునా నిలవనీరు, పైగా ఉప్పు. నిమ్ముతో పాటు ఆ ఉప్పు గోడలోకి ఎక్కి, ఆరినప్పుడు ఇటుక పైపొరను పొడిపొడిగా రాల్చేస్తుంది. దాన్నే చవుడు పట్టడం అంటారు. గోడ అడుగున మూడు నాలుగు అడుగుల మేర ఇటుకను గోటితో గీకితే రాలుతోందంటే ఆ ఇంటికి ఎంత ఖర్చు పెట్టినా పై సంవత్సరం మళ్ళీ మొదలే. చెరువు మీది కాదు, ఆపే హక్కూ మీకు లేదు. కొత్తపేట, రావులపాలెం, మండపేట, తణుకు లాంటి ఎగువ డెల్టా ఊళ్ళు ఈ విషయంలో చాలా నయం.

మండువా లోగిలి

మొదటిసారి కొనేవారికి మా ఓటు దీనికే. కారణం అందం కాదు, కప్పు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. పాడైన వాసం ఒక్కదాన్నే మార్చొచ్చు. చెక్కపని తెలిసిన వడ్రంగి డెల్టాలో ప్రతి పెద్ద ఊళ్ళోనూ దొరుకుతాడు.

ఇల్లు చూసేటప్పుడు హాల్లో నిలబడి పైకి చూడటం కాదు, మండువా నాలుగు మూలలకు వెళ్ళండి. రెండు కప్పులు కలిసే ఆ లోమూలల్లోనే నీరంతా చేరి దిగుతుంది. అక్కడి జింకు రేకు ఒక్కచోట చిల్లుపడినా, కింద ఏటవాలుగా ఉండే మూలవాసం పైనుంచి నానుతూ ఉంటుంది, కిందనుంచి చూస్తే రంగు కూడా మారదు. నిచ్చెనెక్కి, నాలుగు పెంకులు తీయించి, స్క్రూడ్రైవరుతో పైవైపు పొడవండి. మంచి టేకులో మొన రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అర అంగుళం దిగిందంటే ఆ మూల పోయినట్టే. నాలుగింట్లో ఒకటో రెండో పోవడం మామూలే, దానికి బేరం ఆపక్కర్లేదు. నాలుగూ పోతే మాత్రం కప్పంతా దింపాల్సిందేనని ధర మాట్లాడండి.

తర్వాత గోడలో దూరిన దూలాల చివళ్ళు. నిమ్ము, చెద రెండూ అక్కడే మొదలవుతాయి. సుత్తితో మెల్లగా కొడితే బాగున్న చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. చివర ఒక అడుగు మేర పాడైతే దూలం మొత్తం మార్చకండి. ఆ ముక్క కోసి, దూలం లోతుకు మూడు రెట్ల పొడవున ఏటవాలు అతుకు వేసి, నాలుగు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగించాలి. మామూలు ఇనుప బోల్టు సముద్రపు గాలికి తుప్పు పట్టి చెక్కను చీలుస్తుంది. తిరిగి గోడలో పెట్టేటప్పుడు చుట్టూ అర అంగుళం గాలి ఆడే ఖాళీ వదలాలి. సిమెంటుతో కూరేస్తే ఇందాకటి కథే మళ్ళీ.

వాసాలు టేకువా, తాటివా చూసుకోండి. ముందరి వసారాలో బర్మా టేకు, వెనక వంటింటి మీద తాటి వాసాలు వేసిన ఇళ్ళు బోలెడు. చేవ బాగా ఉన్న ముదురు తాటి కూడా తరాలు నిలుస్తుంది, కానీ చేవలేని మెత్తటి లోపలి భాగాన్ని పురుగు తినేస్తుంది.

బంగాళా పెంకు 100 చదరపు అడుగుల కప్పుకు 140 నుంచి 150 పడుతుంది. కొలవాల్సింది నేల వైశాల్యం కాదు, వాలు వైశాల్యం. 30 డిగ్రీల వాలుంటే నేల కొలత కంటే 15 శాతం ఎక్కువొస్తుంది. 1,200 చదరపు అడుగుల వాలుకు 1,750, పగుళ్ళకు పదో వంతు కలిపి 1,925 తెప్పించండి. పాత పెంకు కొలత కొత్తదానితో కలవదు. అందుకే బాగున్న పాతవన్నీ వీధివైపు వాలుకు చేర్చి, కొత్తవి పెరటివైపు వేయిస్తే అతుకుల గోల ఉండదు. ఈ తీరానికి ప్రమాణాల్లో రాసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 1996 నవంబరు తుఫాను చూసిన ఊళ్ళకు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. చూరువైపు మొదటి మూడు వరసలనూ, వెన్ను మీది వరసనూ తీగతో పెండెబద్దలకు (పెంకు ఆనే అడ్డబద్దలకు) కట్టించండి. గాలి పెంకును లేపేది అంచు దగ్గర్నుంచే. ఇక కోతులు. వాటికి మందు లేదు, ఏటా వానలకు ముందు పెంకు సర్దించే ఖర్చు కప్పున్నంత కాలం ఉంటుంది.

అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్యలో అడ్డంగా గోడ లేపి, ఒక సగం పడగొట్టి స్లాబు వేసుకున్న ఇళ్ళు చాలా కనిపిస్తాయి. మిగిలిన సగం చవగ్గా వస్తుంది. వద్దు. నాలుగు వైపులా ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచే కప్పు అది. సగం తీసేశాక మిగతా సగం ఒకవైపుకు ఒరుగుతూనే ఉంటుంది.

మేడ

మద్రాసు టెర్రస్ అని పిలిచే కప్పు ఇది. టేకు దూలాల మీద అడుగున్నర ఎడంగా చిన్న దూలాలు, వాటి మీద పల్చటి ఇటుకను నిలువుగా, ఏటవాలుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు వేసి, ఆపైన పల్చటి బిళ్ళలు పరుస్తారు. 100 చదరపు అడుగులకు బరువు మూడు టన్నుల పైమాటే. కారినప్పుడల్లా దాని మీద సిమెంటు పూత పోస్తూ వచ్చారు కాబట్టి ఇప్పుడింకా ఎక్కువ. గది అడుగున దూలం వెంబడి దారం లాగి చూడండి. 12 అడుగుల దూలం అర అంగుళం కుంగితే వయసు అనుకోవచ్చు. అంగుళం దాటితే ఇంజనీరు చూడకుండా ఆ గది మీదికి మనిషినెక్కించకండి.

మేడ కొనాలా వద్దా అన్నది నిజానికి దూలం మీద కన్నా మేస్త్రీ మీద ఆధారపడుతుంది. సున్నం పని తెలిసిన తాపీమేస్త్రి ముందు దొరికితేనే మేడ. గుల్ల సున్నాన్ని చల్లార్చి కనీసం పదిహేను రోజులు నాననివ్వాలి. ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్ళు గోదావరి ఇసుక గానుగలో ఆడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళతో కలిపి వేశాక, కప్పును చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. పది రోజులు తడిగోనెలు కప్పి ఉంచాలి. తొందరున్నవారు వీటిలో ఒక్కటి వదిలేసినా పగుళ్ళు మొదటి ఎండాకాలంలోనే వస్తాయి. తీర ప్రాంతపు బోరు నీళ్ళు ఇందులో వాడకూడదు, కాలువ నీళ్ళు తెప్పించండి.

గోడలకు సిమెంటు పూత, కింద టైల్స్, ప్లాస్టిక్ రంగు, ఈ మూడూ పాత ఇటుకకు శత్రువులు. కిందనుంచి ఎక్కిన నిమ్ము బయటికి పోలేక ఇంకా పైకెక్కుతుంది, మూడడుగుల దగ్గర ఆగాల్సింది ఆరడుగులకు, చివరికి దూలం చివర దాకా వెళ్తుంది. ముందువాళ్ళు వేసిన సిమెంటు పూతను నిమ్ము గీతకు అడుగు పైదాకా కొట్టేయించి, ఒక ఎండాకాలం అలాగే వదిలి, ఆ తర్వాత సున్నపు పూత, సున్నపు వెల్ల వేయించాలి. ఆ పూత కొన్నేళ్ళకు రాలుతుంది, రాలనివ్వండి. ఇటుక బదులు అది పోతుంది.

గోడలో రావి మొక్క ఉంటే పీకకండి, వేరుతో పాటు ఇటుకలొస్తాయి. మొదలు కోసి, కోసిన చోట కలుపు మందు పూసి, వేరు చచ్చాక సున్నంతో పూడ్చాలి. నల్లమట్టి నేలల్లో గోడ మీద మెట్లు మెట్లుగా పగుళ్ళుంటే అవి పాతవా, ఇంకా నడుస్తున్నాయా తేలాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి, ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక గాజు విరిగిందేమో చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ అదే నమ్మకమైనది. అమ్మేవారు అన్నాళ్ళు ఆగరంటారు. ఆగకపోతే పునాది ఖర్చు కలుపుకుని ధర చెప్పండి.

చెదకు రెండు రకాల ఇళ్ళలోనూ ఒకే వైద్యం: గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం తొలిపించి, లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు కలిపి పోయించాలి. నుయ్యి దగ్గర్లో ఉంటే ఆ వైపు పోయకూడదు.

దివాణం

ఊరికి దూరంగా బతకగల ఆదాయం, పదేళ్ళ ఓపిక, ఇద్దరు కాపలావాళ్ళు ఉన్నవారికి మాత్రమే. ఇంటి పని మేడలాంటిదే, కాకపోతే నాలుగింతలు. అసలు చిక్కు చుట్టూ ఉన్న నేలది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారు నివాసం ఆయనకే మిగిలినా, కేవలం ఎస్టేటు పరిపాలనకే వాడిన కచేరీ భవనాలు ప్రభుత్వానికి పోయాయి. ఒకే ప్రహరీలో ఉన్నంత మాత్రాన అన్నీ అమ్మేవారివి కావు. చెరువు రికార్డులో పోరంబోకు అయి ఉండొచ్చు, తోట మధ్య గుడి, దాని మాన్యం దేవాదాయ శాఖవి అయి ఉండొచ్చు. గ్రామ పటం తెచ్చి, సర్వేయరుతో ప్రతి ముక్క విడివిడిగా చూపించుకోండి. అందులో మీకు వచ్చేది నివాసం, తోట మాత్రమే అనుకుని, ఆ ధరకే నచ్చితే కొనండి. తోట కౌలు ఆదాయం కాపలా జీతాలకు సరిపోతే అదృష్టమనుకోవాలి.

కలప మాత్రమే

పడిపోతున్న మండువాను కలప అడితివాళ్ళు గంపగుత్తగా కొంటారు. వాళ్ళకంటే ముందు మీరు వెళ్తే ఇల్లు ఇల్లుగా వస్తుంది: స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు అన్నీ ఒకే కొలత వరసలో. విప్పేముందు ప్రతి చెక్కకూ ఇత్తడి బిళ్ళ మీద నంబరు కొట్టి, పటం గీయించాలి. సుద్దతో రాస్తే మొదటి వానకే పోతుంది. పదో వంతు కలప విప్పడంలోనే చీలుతుందని లెక్కేసుకోండి. వారసుల తగవు తేలని మంచి లోగిలికీ, రోడ్డు కిందికి కూరుకుపోయిన దానికీ ఇదే గౌరవమైన దారి. గోడలున్న ఇంటిని ఇలా కదిలించడం మీద కొందరికి అభ్యంతరాలున్నాయి. అడితిలో ముక్కలై సోఫాలుగా మారడం కంటే ఇది నయం.

అగ్రిమెంటు

స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 7.5 శాతం పక్కన పెట్టుకోండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి మినహాయించే ఆదాయపు పన్ను) మీరే కట్టాలి. అమ్మేవారిలో విదేశంలో ఉంటున్నవారుంటే వారి వాటాకు ఆ పరిమితి లేదు, రేటూ ఎక్కువ, ముందే ఆడిటరును అడగండి.

అడ్వాన్సు పదో వంతు మించొద్దు, మిగతాది వారసులందరూ సంతకం పెట్టే రోజునే. అగ్రిమెంటుకు ఫొటోలతో ఒక జాబితా జతచేయండి: ఎన్ని స్తంభాలు, ఎన్ని జతల తలుపులు, ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు, గాదె, దేవుడి గది ద్వారబంధం, అటక మీది పాత పెంకు ఎంత, ఒక్కొక్కటీ కొలతలతో. అడ్వాన్సుకూ రిజిస్ట్రేషనుకూ మధ్య ఆరు నెలలు తాళం ఎవరి చేతిలో ఉంటుందో అందులోనే రాయించండి. ఆ ఆరు నెలల్లోనే వీధి తలుపుల చెక్కడం అడితికి చేరుతుంది, అడిగితే "అవి ఎప్పుడో మా అత్తయ్య వాటాలో పోయాయి" అన్న సమాధానం వస్తుంది.